సన్నని టైరు, పెద్ద చక్రము

విద్యుత్ కారునకు టైరు సన్నమైన కొలది నేలను తాకు చోటు తగ్గును గనుక రాపిడి తగ్గి విద్యుత్తు మిగులునని విద్యార్థులు తరచుగ సమాధానము చెప్పుదురు. వినుటకు సమంజసముగనే యుండును గాని, బండి బరువును మోయునది ప్రధానముగ రబ్బరు గాక అందు బిగించిన గాలి యగుటచే, నేలను తాకు వైశాల్యమును ముఖ్యముగ నిర్ణయించునవి బరువును, గాలి పీడనమును. టైరును సన్నము చేసినచో నేలపై పడు ఆ ముద్ర చిన్నది కాదు. అడ్డము తగ్గి నిలువున సాగును.

రబ్బరు స్వభావ మిచ్చట గమనింపదగినది. అణచినపుడు గ్రహించిన శక్తిని అది విడిచినపుడు పూర్తిగ తిరిగి యీయదు. కొంత వేడిమిగ మారిపోవును. చక్రము తిరుగునంతసేపు టైరులోని ప్రతిభాగము నేలను చేరి, వంగి, అణగి, మరల లేచి పూర్వరూపమును పొందుచుండుటచే ఈ నష్టము ఎడతెగక సాగును. ముద్ర నిలువున సాగిన టైరు మరింత వంగవలెను గదా! కావున తక్కినవన్నియు సమానమైనచో సన్నని టైరే కొంత యెక్కువ శక్తిని మ్రింగును.

అట్లయిన 2013లో వెలువడిన బీఎండబ్ల్యూ ఐ3 అను విద్యుత్ కారునకు 155 మిల్లీమీటర్ల వెడల్పు గల టైర్లను ఏల తొడిగిరి? తక్కినవానిని సమానముగ నుంచకపోవుటయే ఆ టైర్లను రూపొందించిన బ్రిడ్జిస్టోన్ ఇంజనీర్ల ప్రజ్ఞ. 19 అంగుళముల రిమ్ముపై టైరు వ్యాసమును దాదాపు 70 సెంటీమీటర్లకు పెంచిరి. పెద్ద వృత్తము నేలపై చదునగుటకు కొద్దిపాటి వంపే చాలును. గాలిని గట్టిగ నింపుటచే ముద్రయే కుదించుకొనెను. ఇక సన్నని ముఖము ఎదురుగాలికి తక్కువ తగులును. వేగము రెట్టింపైనచో నాలుగింతలగు వాయునిరోధమునకు ఇది మంచి విరుగుడు. నా దృష్టిలో ఆ కారునందలి సొగసైన యోచన యిదియే.

టైరు వంగుటవలన కలుగు దొర్లుడు ఘర్షణ బరువులో నూరవ వంతనుకొన్నచో, 1300 కిలోల బండి నూరు కిలోమీటర్లు సాగుటకు దీనికే సుమారు మూడున్నర యూనిట్లు వ్యయమగును. పెట్రోలు బండిలో ఇంజను వ్యర్థపరచు వేడిమి ముందర ఈ లెక్క మరుగున పడును. విద్యుత్ మోటారు వ్యర్థపరచునది స్వల్పము గనుక ఇది కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. బ్రేకు వేసినపుడు బండి వేగమునుండి కొంత విద్యుత్తును మరల రాబట్టవచ్చును గాని, టైరులో వేడియైనది తిరిగి రాదు.

ఐ3 తయారీ 2022లో ముగిసినది. పిమ్మట వచ్చిన బరువైన విద్యుత్ కార్లు చాలవరకు వెడల్పు టైర్లనే తొడిగికొని, ఆ లోటును సిలికా కలిపిన రబ్బరుతోను, నునుపైన చక్రపు మూతలతోను పూడ్చుకొనుచున్నవి.