ఫలవృక్షములకు జీవోత్తేజకములు

మాఘమాసమున మామిడితోపు నిండ పూచియుండగా చూచువారి కన్నులు చల్లనగును. కాని యొక్కొక్క పూగుత్తిలో వేయికి మించి పువ్వులున్నను, తుదకు నిలుచు కాయలు మిక్కిలి స్వల్పము. పువ్వులలో పెక్కు మగపువ్వులగుటచే కొంత రాలుట సహజమే. అయినను నీటియెద్దడియు, వేడిగాలియు, వేళ్ల బలహీనతయు తోడైనచో, తోపును గుత్తకు పుచ్చుకొనిన రైతునకు గుత్తసొమ్మయినను చేతికి రాదు. ఆ దిగులుతో నున్నవానికి అంగడివాడొక సీసా చూపి, "దీనిని చల్లుము, కాయ నిలుచును" అనినచో, అతడు అప్పుచేసియైనను కొనును. కావున ఆ సీసాలోని వస్తువేమో, అది చేయగల పనియేమో, చేయలేనిదేమో మన మెఱుగుట యవసరము.

ఇట్టి వస్తువులను బయోస్టిమ్యులెంట్లందురు. తెలుగున జీవోత్తేజకము లనవచ్చును. ఎరువు వృక్షమునకు ఆహారము. నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగువానిని అది యిచ్చును. పురుగుమందు శత్రువులను చంపును. జీవోత్తేజకము ఈ రెండును కాదు. వృక్షము తన యాహారమును చక్కగా గ్రహించుటకును, ఎండ, ఉప్పునేల మొదలగు బాధలకు తాళుటకును, కాయల నాణ్యము హెచ్చుటకును అది తోడ్పడును. ఎద్దులకు మేత యెట్టిదో చెట్టునకు ఎరువట్టిది. ఇరుసునకు కందెన యెట్టిదో చెట్టునకు ఉత్తేజకమట్టిది. కందెన పెట్టిన బండి తేలికగా సాగును. కాని మేతలేని యెద్దులు దానిని లాగజాలవు.

వీనిలో ముఖ్యమైనది సముద్రపు నాచు రసము. ఐర్లాండు, స్కాట్లాండు, ఫ్రాన్సు దేశముల తీరవాసులు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నాచును పూర్వమునుండి పొలములకు తోలుకొనుచుండిరి. మన దేశమున తమిళనాటి రామనాథపురము తీరమందు కప్పాఫైకస్ అను నాచును వెదురుతెప్పలకు కట్టి పెంచుదురు. దాని రసము తీయు విధానమును భావనగరమందలి కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధనాలయమువారు రూపొందించిరి. ఆ రసమున పొటాషుతో పాటు, పెరుగుదలను నడపు పదార్థములు లేశమాత్రముగా నుండును. దానిని నీటితో మిక్కిలి పలుచన చేసి ఆకులపై చల్లుదురు.

రెండవది మాగిన యెరువునందలి హ్యూమిక్ ఆమ్లములు. ఆకులును పేడయు కుళ్లి నల్లని మన్నుగా మాఱునపుడివి కలుగును. పిల్లవేళ్లు హెచ్చుగా పుట్టుటకు తోడ్పడును. మూడవది వేళ్లనంటి బ్రతుకు శిలీంధ్రము. చెట్టు వేళ్లకును శిలీంధ్రమునకును గల యీ చెలిమికి 1885లో ఫ్రాంకు అను జర్మను శాస్త్రజ్ఞుడు మైకోరైజా యని పేరిడెను. మామిడి, నారింజ వేళ్లయందును ఇట్టి శిలీంధ్రములు కలవు. చెట్టు దానికి చక్కెర నొసగును. అది వేళ్లు చొరలేని సందులలోనికి సన్నని దారములు చాచి, భాస్వరమును నీటిని తెచ్చి యిచ్చును.

ఇట్టి యోచన మన పూర్వులకును కలదు. సురపాలుని వృక్షాయుర్వేదమున మాంసము, మజ్జ మొదలగువానిని ఉడికించి పులియబెట్టిన కుణపజలము చెట్ల పోషణకై చెప్పబడినది. ఆ గ్రంథపు ఆంగ్లానువాదము 1996లో మన సికింద్రాబాదునుండియే వెలువడినది. అయినను ప్రాచీనమనియో, నవీనమనియో దేనిని నమ్మరాదు, పరీక్షించియే నమ్మవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. ఒకే జాతి, ఒకే వయస్సు గల పది చెట్లలో ఐదింటిపై రసమును, ఐదింటిపై వట్టి నీటిని చల్లవలెను. ఎరువును నీరును అన్నిటికి సమానముగా నుండవలెను. కోతనాడు కాయలను లెక్కించి, తూచి, వ్రాసికొనవలెను. మామిడి ఒక యేడు విరగకాచి మఱుసటి యేడు తగ్గుట కలదు గనుక, ఒక్క యేటి ఫలితము చాలదు. మఱియు 2021లో భారత ప్రభుత్వము వీనిని ఎరువుల నియంత్రణ ఉత్తరువు క్రిందికి తెచ్చినది. కావున పేరును, పాళ్లును స్పష్టముగా తెలుపని సీసాను కొనరాదు.

విద్యార్థులారా! మొదట మాగిన యెరువు, పాదులపై ఎండుటాకుల కప్పు, వేళకు నీరు. ఉత్తేజకము వీని తరువాతనే. మీ పెరటిలో జామచెట్లున్నచో సెలవులలో ఈ పరీక్ష మొదలుపెట్టుడు. లాభము తూకమున కనబడినచో మీ తలిదండ్రులకు చెప్పుడు. కనబడనిచో అదియును చెప్పుడు. రైతు చేత సీసా సొమ్ము మిగులుటయు లాభమే కదా!