తరిగొండ వెంగమాంబ పాటలు - గ్రామ పంచాయతీల కర్తవ్యము

తిరుమల యాత్ర చేసి వచ్చిన కుటుంబములకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరిట నున్న అన్నప్రసాద భవనము పరిచితమే. 2011వ సంవత్సరమున ప్రారంభింపబడిన ఆ భవనమున ప్రతిదినము వేలాది యాత్రికులు పంక్తిభోజనము చేయుచున్నారు. భోజనము చేసిన వారందరును ఆ పేరు నెరుగుదురు. కాని వెంగమాంబ యెవరు, ఏమి రచించినది అని విచారించినచో సమాధానము చెప్పగలవారు కొలదిమందియే. ఆమె పాట నొకదానిని పాడి వినిపింపగలవారు అంతకంటెను తక్కువ. పేరు నిలిచియు పాట మరుగుపడుటకు కారణమేమి? ఇందుండి గ్రామ పంచాయతీలు గ్రహింపదగిన దేమి? ఈ విషయములను సభ్యులకు వివరింప దలచితిమి.

గ్రామమున పుట్టిన కవయిత్రి

వెంగమాంబ సుమారు 1730వ సంవత్సరమున గుర్రంకొండకు సమీపమున గల తరిగొండ గ్రామమున జన్మించెను. తల్లి మంగమాంబ, తండ్రి కృష్ణయ్య. నాటి ఆచారము ననుసరించి బాల్యముననే వివాహము జరిగెను. కొలది కాలమునకే భర్త మరణించెను. వితంతువులు శిరోముండనము చేయించుకొనవలె నను కట్టుబాటును ఆమె అంగీకరింపలేదు. అందువలన ఎన్నో నిందలకు గురియైనదని ఆమె చరిత్ర చెప్పువారు పేర్కొనుచున్నారు. గ్రామములోని లక్ష్మీనరసింహస్వామి ఆలయమే ఆమెకు ఆశ్రయమయ్యెను. పిమ్మట తిరుమల చేరి, శేషజీవితమును అచటనే గడపి, 1817వ సంవత్సరమున పరమపదించెను. ఆమె సమాధి నేటికిని తిరుమలలో కలదు.

చిన్ననాట గురుముఖమున ఓనమాలైనను నేర్వలేదని ఆమెయే తన కావ్యమున చెప్పుకొన్నది. అట్టి స్త్రీ వేంకటాచల మాహాత్మ్యము, తరిగొండ నృసింహ శతకము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము మున్నగు గ్రంథములను రచించెను. విష్ణుపారిజాతము, చెంచు నాటకము, రుక్మిణీ నాటకము మొదలగు యక్షగానములను కూర్చెను. ఇవి యన్నియు మౌనముగా చదువుకొనుటకు మాత్రమే వ్రాసినవి కావు. ద్విపద రెండేసి పాదములుగా సాగి, రాగముతో చదువుటకు అనువైనది. యక్షగానము పాటయు, పద్యమును, వచనమును కలిసి పదిమంది యెదుట ప్రదర్శింపబడునది. అక్షరము రానివారికిని వినికిడిచేత అందు రచనలివి.

మరియొక విశేషము గమనింపదగియున్నది. తిరుమలలో నివసించుచున్నను ఆమె తన గ్రామమును మరువలేదు. తరిగొండ నృసింహుడును, తిరుమల వేంకటేశ్వరుడును ఒక్కరే యని భావించి రచనలు చేసెను. తనను నిందించిన ఊరి పేరునే తన కావ్యములందు శాశ్వతముగా నిలిపెను. నేడు తరిగొండ యను గ్రామము లోకమునకు తెలిసియున్నదన్నచో అది ఆ బాలవితంతువు చలువయే.

పాట ఎట్లు నిలుచును?

తాళ్ళపాక అన్నమాచార్యులు 1503వ సంవత్సరమున పరమపదించిరి. వారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రపరచబడినవి. నాలుగు శతాబ్దులు మరుగుననున్నను, ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని పరిష్కరించి లోకమున కందింపగలిగిరి. వెంగమాంబకు అట్టి రాగిరేకులు లేవు. ఆమె రచనలు వ్రాతప్రతుల మీదను, పాడుకొను వారి నోటి మీదను ఆధారపడవలసి వచ్చెను.

అయినను ఆమె సేవ యొకటి నేటికిని చెక్కుచెదరలేదు. తిరుమలలో రాత్రి జరుగు ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇచ్చుచున్నారు. "తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి" యను నానుడి దీనివలననే ఏర్పడినది. ప్రతిదిన కార్యక్రమమున దానికొక స్థానమున్నందున ఆ హారతి నిలిచినది. నిత్యజీవితమున చోటు లేని పాటలు పుస్తకములకే పరిమితమైనవి. తిరుమల తిరుపతి దేవస్థానము ఆమె గ్రంథములను ముద్రించి, జయంతి, వర్ధంతి ఉత్సవములను జరుపుచున్నది. ఇది శ్లాఘనీయము. కాని అచ్చుపుస్తకమున సాహిత్యము నిలుచును గాని, పాట వరుస నిలువదు. వరుస నిలుచుటకు పాడు కంఠము కావలయును.

మన గ్రామములలో చేయదగిన పని

వెంగమాంబ పాటలకే యిట్టి స్థితి యేర్పడగా, పేరైనను మిగులని గ్రామ స్త్రీల మాట చెప్పనేల? లాలిపాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు ఎరిగిన వృద్ధ స్త్రీలు ప్రతి గ్రామమునను ఒకరిద్దరైనను ఉందురు. వారితోపాటే ఆ పాటలును పోవుచున్నవి. రోకళ్ళు మూలబడినవి, దంపుళ్ళ పాటకు పని పోయినది. కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది విధముగా చేయవలెనని మా మనవి.

మొదట గ్రామములో పాటలెరిగిన వారి జాబితా సిద్ధము చేయవలెను. ఫలానా వారి కోడలు, ఫలానా వారి తల్లి యని కాక, ఆమె స్వంత పేరు, వయస్సు, పుట్టినయూరు వ్రాయవలెను. పాట ఎవరివద్ద నేర్చినది, ఏ సందర్భమున పాడుదురు, తాను స్వయముగా కట్టినదా యని అడుగవలెను. అనేక పాటల తుది చరణమున కట్టినవారి పేరు గాని, ఊరి దేవుని పేరు గాని ఉండును, దానిని విడువరాదు.

పాటను విన్నది విన్నట్లు వ్రాయవలెను. మాట తప్పని తోచినను దిద్దరాదు. వరుసను కాగితముపై పట్టుట కష్టము గనుక, ఆమె సమ్మతితో సెల్‌ఫోనులో రికార్డు చేయవలెను. వ్రాతప్రతులు రెండు సిద్ధపరచి ఒకటి గ్రామ గ్రంథాలయమునను, రెండవది పాఠశాలయందును ఉంచవలెను. దీనికి నిధుల కొరకు ఎదురుచూడ నక్కరలేదు. ఒక దళసరి నోటుపుస్తకము చాలును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. పురుషుల యెదుట పాడుటకు సంకోచించు వృద్ధురాలు తోడి స్త్రీ యెదుట పాడును. కావున మహిళా సభ్యులు ఈ పనికి పూనుకొనుట సముచితము.

వ్రాసి దాచుటతో పని ముగియదు. పాఠశాల వార్షికోత్సవమున ఇద్దరు బాలికలచేత ఆ పాట పాడింపవలెను. నేర్పిన అవ్వను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. భజన మందిరమున వారమున కొకసారి వెంగమాంబ ద్విపద కొంత చదివింపవలెను. పాటకు మరల ఒక పని కల్పించినచో పాట తానే నిలుచును. ఈ సంవత్సరము మీ గ్రామమున ఒక్క అవ్వ పాటలనైనను వ్రాయించి, ఆ పుస్తకము మొదటి పుటలో ఆమె పేరు స్పష్టముగా వ్రాయించెదరని ఆశించుచున్నాము.