కుల ధ్రువపత్రం - బ్లాక్‌చెయిన్

బ్లాక్‌చెయిన్ అనగానే అందరూ బిట్‌కాయిన్ గురించే మాట్లాడతారు. మాకు మాత్రం మన ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకునే ప్లాస్టిక్ కవరు గుర్తొచ్చింది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, టీసీ అన్నీ అందులోనే కదా!

మన మెస్ స్టాకు రిజిస్టరునే తీసుకోండి. పేజీ నిండగానే చివరి నిల్వను తర్వాతి పేజీ మొదట్లో రాస్తారు. పాత పేజీలో బియ్యం లెక్క ఎవరైనా దిద్దితే తర్వాతి పేజీలు దానితో సరిపోవు. పైగా ఆ రిజిస్టరు వార్డెన్ గారి బీరువాలో ఒక్కటే కాక, 60 మంది దగ్గర 60 కాపీలు ఉన్నాయనుకోండి. అన్నీ దిద్దడం ఎవరి తరం? బ్లాక్‌చెయిన్ కంప్యూటర్లలో చేసేది ఇదే. పేజీని బ్లాక్ అంటారు. ప్రతి బ్లాకులో దాని ముందరి బ్లాకు తాలూకు వేలిముద్ర లాంటి గుర్తు ఉంటుంది. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ ఈ పద్ధతి మీదే నడుస్తోంది.

తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో 2022లో కుల ధ్రువపత్రాలకు దీన్ని వాడారు. పత్రాన్ని ఫోనుతో పరీక్షిస్తే అసలుదో నకిలీదో తేలిపోతుంది. కాలేజీ వాళ్లు ఎమ్మార్వో ఆఫీసుకు రాసి వారాల తరబడి ఆగనక్కరలేదు. దొంగ పత్రంతో మన సీటు తన్నుకుపోయేవాళ్ల ఆటలూ సాగవు.

అయితే మా బ్యాచ్‌లో ఒకరి ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడింది. పదో తరగతి మెమోతో సరిపోక కౌన్సెలింగ్‌లో సీటు పోయింది. అదే బ్లాక్‌చెయిన్‌లో ఉంటే ఆ తప్పు కూడా అలాగే భద్రంగా ఉండేది! రాసినదాన్ని మార్చనివ్వదు గానీ, రాసింది నిజమో కాదో దానికి తెలియదు. పాతది చెల్లదని చేర్చి కొత్త పత్రం ఇవ్వాలి. అందుకు మళ్లీ అదే ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఇంకో ఇబ్బంది ఉంది. 60 కాపీలూ ఒకే ఆఫీసు చేతిలో ఉంటే ఒక్క రిజిస్టరు ఉన్నట్టే లెక్క. అలాగని మన కులం, ఊరు అందరికీ ఎప్పటికీ కనిపించేలా పెట్టడమూ తప్పే. గుర్తును మాత్రమే ఎక్కించాలి.

బిట్‌కాయిన్‌కు కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకుని ఆ ఖర్చును 99 శాతానికి పైగా తగ్గించుకుంది. కాబట్టి కరెంటు సమస్యకు దారి దొరికింది. అక్షరం తప్పుకే దొరకలేదు.

తమ్ముళ్లూ, మీసేవలో పత్రం చేతికి రాగానే మెట్లు దిగకముందే మీ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మెమోతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.