అట్లాంటిక్ దాటిన బాల్సా విమానం

రేడియోతో నడిచే మోడల్ విమానంతో ప్రపంచ రికార్డు సాధించాలంటే అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పెట్టిన ఒక నియమానికి లోబడాలి. ట్యాంకు నిండా ఇంధనం పోశాక కూడా విమానం ఐదు కిలోలు దాటకూడదు. అమెరికాకు చెందిన లోహశాస్త్ర నిపుణుడు మేనార్డ్ హిల్ ఆ ఐదు కిలోలతోనే అట్లాంటిక్ మహాసముద్రం దాటించాలని పట్టుబట్టారు. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌కు 3 వేల కిలోమీటర్ల పైమాటే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సూటిగా గీత గీసినా అంత దూరం రాదు.

ఈ విద్యకు ఆద్యుల్లో ముందుగా చెప్పుకోవలసినవారు వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు. 1937లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాళ్లు ‘గఫ్’ అనే విమానాన్ని రేడియోతో ఎగరేశారు. విమానం వాల్టర్ చేశాడు, రేడియో విలియం చేశాడు. నేల మీది నుంచి వచ్చే సంకేతం అందులో ఒక చిన్న మీటను మాత్రమే వదిలేది. చుక్కానిని తిప్పే బలం మెలితిప్పి పెట్టిన రబ్బరుది. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. వాల్టర్ తరువాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లయిడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో చేరాడు. హిల్ పనిచేసిందీ అక్కడే. రబ్బరు స్థానంలోకి సర్వో మోటార్లు వచ్చాక, ట్రాన్స్‌మిటర్ మీది కర్రను ఎంత వంచితే చుక్కాని అంత వంగసాగింది. హిల్ దశాబ్దాల పాటు ఎత్తు, దూరం, వ్యవధి రికార్డులు ఒక్కొక్కటే బద్దలు కొడుతూ వచ్చారు. మిగిలింది సముద్రం.

అసలు చిక్కంతా ఇంధనం దగ్గరే. మోడల్ విమానాల ఇంజిన్లు సాధారణంగా మిథనాల్‌తో నడుస్తాయి. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్ తగిలి ఎర్రగా కాలుతూ ఉంటుంది కాబట్టి స్పార్క్ అక్కర్లేదు, బ్యాటరీ బరువూ తప్పుతుంది. కానీ కిలో మిథనాల్ ఇచ్చే శక్తి కిలో పెట్రోలు ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. గంటసేపు సరదాగా ఎగరేసేవాళ్లకు ఆ తేడా లెక్కలోకి రాదు. రెండు రాత్రులు ఎగరాల్సిన విమానానికి అదే ప్రాణం. హిల్ క్యాంపు లాంతర్లలో పోసే కోల్‌మన్ ఇంధనాన్ని ఎంచుకున్నారు. పది సీసీల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ అమర్చి, ఇంధనం సన్నటి ధారగా మాత్రమే వెళ్లేలా కార్బురేటర్‌ను సవరించారు. చివరికి గంటకు 60 గ్రాముల లోపు ఇంధనంతో నడిచేదాకా తెచ్చారు. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఈ అంకే. ఎగిరేటప్పటి బరువులో దాదాపు సగం ఇంధనానికే పోయింది. మిగతా సగంలో రెక్కలు, ఇంజిన్, యంత్రాలు అన్నీ ఇమడాలి.

అందుకే ఒళ్లంతా బాల్సా చెక్క. గోటితో నొక్కితే సొట్టపడేంత మెత్తన, కానీ దాని బరువుతో పోలిస్తే బలం చాలా ఎక్కువ. అప్పటికి హిల్‌కు డెబ్బై దాటాయి. చట్టం లెక్కలో ఆయన అంధుడు, వినికిడి కూడా బాగా తగ్గిపోయింది. చెక్క పొరల అతుకులను వేళ్లతో తడిమి సరిచూసుకున్న మనిషి ఆయన.

కంటిచూపు మేర ఉన్నంతవరకు విమానాన్ని మనిషే రేడియోతో నడుపుతాడు. ఆ తరువాత ఆటోపైలట్ అందుకుంటుంది. గాలి పీడనాన్ని బట్టి ఎత్తునూ, జీపీఎస్ ద్వారా దారినీ అది చూసుకుంటుంది. అవతలి తీరంలో మళ్లీ ఇంకొక మనిషి అందుకోవాలి.

2002లో వదిలిన విమానాలు సముద్రం పాలయ్యాయి. 2003 ఆగస్టులో ముందుగా వదిలినదీ దక్కలేదు. ఆ తరువాతి విమానం పేరు టామ్-5. మేరీల్యాండ్‌లో తాము పరీక్షలు చేసుకున్న పొలాన్ని తలుచుకుని, ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానచోదకుడు లిండ్‌బర్గ్ విమానం ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ పేరు ఒరవడిలో దానికి ‘స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్’ అని కూడా పేరు పెట్టారు. ఆగస్టు 9 సాయంత్రం న్యూఫౌండ్‌లాండ్‌లోని కేప్ స్పియర్ దగ్గర, 77 ఏళ్ల హిల్ దాన్ని తన చేత్తోనే గాలిలోకి విసిరారు.

మధ్యలో కొన్ని గంటలు ఉపగ్రహం ద్వారా అందాల్సిన సమాచారం ఆగిపోయింది. అంతకుముందు మునిగిపోయినవాటి సంగతి తెలిసినవాళ్లకు ఆ గంటలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. సంకేతాలు మళ్లీ వచ్చేసరికి విమానం దారి తప్పలేదు, సగటున గంటకు 78 కిలోమీటర్ల వేగంతో సాగుతూనే ఉంది.

ఆగస్టు 11 మధ్యాహ్నం ఐర్లాండ్ పడమటి తీరంలో, క్లిఫ్డెన్ సమీపంలోని మానిన్ బీచ్ దగ్గర హిల్ బృందంలోని డేవ్ బ్రౌన్ ట్రాన్స్‌మిటర్ పట్టుకుని దాన్ని నేలకు దించారు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు విమానచోదకులు తొలిసారి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి వచ్చి దిగింది కూడా క్లిఫ్డెన్ దగ్గరే. వాళ్లూ న్యూఫౌండ్‌లాండ్ నుంచే బయలుదేరారు. టామ్-5కు పట్టిన కాలం 38 గంటల 52 నిమిషాల 19 సెకన్లు. దూరానికీ, వ్యవధికీ రెండు ప్రపంచ రికార్డులు దక్కాయి. అక్కడ దిగేసరికి ట్యాంకులో ఇంధనం అడుగంటింది. ఎదురుగాలి వీచి ఉంటే, ఆ విమానం తీరం కనిపిస్తుండగానే నీళ్లలో పడేది.