మంచు దారిలో... ట్రాక్టర్‌కి పట్టీలు!

మంచు అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా పాట. తెల్లటి కొండలూ, ముద్దలు చేసి విసురుకునే హీరో హీరోయిన్లూ! అదే అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రం ఉత్తరాన ఉండే పల్లెవాసులకైతే గుర్తొచ్చేది వేరు. తెల్లారేసరికి గుమ్మం నుంచి రోడ్డుదాకా ఎత్తిపోయాల్సిన గుట్టలు. ఆ పనికి వాళ్లు నమ్ముకున్నది మినీ ట్రాక్టర్‌ని. ఆ ట్రాక్టర్‌ నమ్ముకున్నది చక్రాలకు చుట్టిన ఇనుప గొలుసుల్ని!

అంటారియో సరస్సుకు తూర్పున టగ్‌ హిల్‌ అనే పీఠభూమి ఉంది. చలికాలంలో సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి దారిలో నీటి ఆవిరిని మోసుకొచ్చి ఇక్కడ మంచుగా కుమ్మరిస్తుంది. ఏటా సగటున 200 అంగుళాలకు పైనే! 2007 ఫిబ్రవరిలో రెడ్‌ఫీల్డ్‌ అనే చిన్న ఊళ్లో పదిరోజుల్లో 141 అంగుళాల మంచు పడింది. అంటే, ఒకరి భుజాల మీద మరొకరు నిలబడ్డంత ఎత్తు.

పెద్ద రోడ్ల మీది మంచుని ప్రభుత్వ వాహనాలు తొలగిస్తాయి. ఇంటి నుంచి రోడ్డుదాకా ఉండే దారి మాత్రం ఇంటివాళ్లదే బాధ్యత. పల్లెల్లో ఆ దారి వందల గజాలుంటుంది. అది మూసుకుపోతే పిల్లలు బడి బస్సు ఎక్కలేరు, ఇంట్లో పెద్దాయనకు గుండెనొప్పి వస్తే అంబులెన్స్‌ లోపలికి రాలేదు. పోనీ పార పట్టుకుని ఎత్తిపోద్దామా అంటే, చలిలో అంత శ్రమ గుండెకు చేటని వైద్యులే హెచ్చరిస్తారు. అందుకే ఇరవై నుంచి యాభై హార్స్‌పవర్‌ లోపుండే చిన్న ట్రాక్టర్‌కి ముందు బ్లేడో బకెట్టో తగిలించి మంచుని పక్కకు నెడతారు.

పొలంలో పులి... మంచులో పిల్లి

ట్రాక్టర్‌కి బలం తక్కువా? కాదు. తక్కువయ్యేది పట్టు. పొలంలో మట్టిని కరిచి పట్టుకునే టైరు, గట్టిపడిన మంచు మీద ఒట్టి రబ్బరు ముక్కే. టైరు గట్ల మధ్య సందుల్లో మంచు కూరుకుపోతే పైభాగం నున్నగా తయారవుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరైనా అంతే... రెండు తిరిగేచోట నాలుగూ అక్కడే గిర్రున తిరుగుతాయి! ఎండ తగిలి కాస్త కరగడం మొదలైతే మంచుగడ్డ ఇంకా జారుతుంది.

ఇలాంటి చిక్కు మన రైతులకు కొత్తేం కాదు. వరి మడిని దమ్ము చేసేటప్పుడు రబ్బరు టైర్లు బురదలో కూరుకుపోతాయనే కదా ఇనుప కేజ్‌వీల్స్‌ తగిలిస్తాం! అక్కడ బురదకు చక్రాలు, ఇక్కడ మంచుకు గొలుసులు.

తాళ్ల నుంచి గొలుసుల్లోకి...

ఈ గొలుసు పుట్టింది కూడా మంచు ఎక్కువగా కురిసే ఆ రాష్ట్రంలోనే. జారే దారుల్లో కార్లవాళ్లు టైర్లకు తాళ్లు చుట్టుకోవడం చూసి, తాడుకు బదులు గొలుసు చుడితే అరిగిపోదు కదా అనుకున్నాడట కనస్టోటాకు చెందిన హ్యారీ వీడ్‌. 1904లో పేటెంట్‌ తీసుకున్నాడు. కార్ల కోసం పుట్టిన ఆ ఆలోచనే తర్వాత లారీలకూ ట్రాక్టర్లకూ పాకింది.

ఇందులోనూ రకాలున్నాయి. నిచ్చెన మెట్లలా టైరుకు అడ్డంగా గొలుసులుండేది మామూలు రకం. నున్నటి టైర్లకు ఇది చాలు. ఎత్తయిన గట్లుండే పొలం టైర్లకు వేస్తే మాత్రం అడ్డు గొలుసులు సందుల్లోకి జారిపోయి, వేసీ వేయనట్టే ఉంటాయి. అలాంటి టైర్లకు అడ్డు గొలుసులు దగ్గరదగ్గరగా ఉన్నవో, వజ్రం ఆకారంలో వలలా అల్లినవో కావాలి. వల రకమైతే పక్కకు జారకుండానూ కాపాడుతుంది. లంకెల మీద చిన్న ఇనుప ముక్కలు అతికించినవి గడ్డకట్టిన మంచుని గోళ్లలా గుచ్చి పట్టుకుంటాయి. కాకపోతే కేజ్‌వీల్స్‌ తారు రోడ్డును పాడుచేసినట్టే ఇవీ సిమెంటు, తారు దారుల్ని గీకేస్తాయి. కంకర దారికి మాత్రం ఆ బెంగ లేదు.

గొలుసులు వేయడమూ ఓ పనే. బరువైన ఆ గొలుసుల్ని టైరు మీద పరిచి, మెల్లగా ట్రాక్టర్‌ని కదిపి, రెండు కొసలూ కలిపి కొక్కేలు తగిలించాలి. కొక్కేల మొనలు బయటి వైపే ఉండాలి, లేకపోతే టైరునే కోసేస్తాయి. కాస్త దూరం నడిపాక ఆగి మళ్లీ బిగించాలి. వదులుగా ఉన్న గొలుసు మడ్‌గార్డునో, పక్కనున్న పైపునో కొట్టి తెంపేయగలదు. అందుకే గొలుసు కొనేముందే టైరుకు చుట్టూ ఎంత ఖాళీ ఉందో చూసుకుంటారు.

దిగేటప్పుడే అసలు పరీక్ష

గొలుసులు వేయగానే వచ్చే ధైర్యంతోనే అసలు ప్రమాదం. ముందుకు పోగలుగుతున్నామంటే ఆగగలుగుతామనే అనుకుంటారు చాలామంది. ఈ చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకు పడేది వెనక చక్రాలకే. ముందు బకెట్‌ నిండా తడిమంచు ఎత్తితే బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలికైపోతాయి. ఆ స్థితిలో వాలులోకి దిగితే బ్రేకు తొక్కినా బండి జారిపోతూనే ఉంటుంది!

అందుకే గొలుసుల్ని ముందుగా వెనక చక్రాలకే వేస్తారు. వెనకాల కాంక్రీటు దిమ్మెలాంటి బరువు తగిలిస్తారు. టైర్లలో గడ్డకట్టని ద్రవం నింపడం మరో పద్ధతి. చక్కెర దుంపల నుంచి తీసిన రసాన్ని కూడా ఇందుకు వాడతారంటే ఆశ్చర్యమే! వాలు దిగేటప్పుడు నాలుగు చక్రాల గేరు వేసే ఉంచాలి, అప్పుడు బ్రేకు ప్రభావం ముందు చక్రాలకూ అందుతుంది. బకెట్‌ నేలకు దగ్గరగా, వేగం నడక అంత. రక్షణ చట్రం ఉన్న ట్రాక్టర్‌లో సీటు బెల్టు తప్పనిసరి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మంచు గుట్టల వెనక ఆడుకునే పిల్లాడు డ్రైవరుకు కనపడడు మరి.

ఈ కథలో మనకూ ఓ పాత్ర ఉంది. మహీంద్రా సంస్థ 1994 నుంచీ అమెరికాలో ట్రాక్టర్లు అమ్ముతోంది. 2023లో అమెరికా సహా పలు దేశాల కోసం విడుదల చేసిన ‘ఓజా’ తేలికరకం ట్రాక్టర్లు తయారయ్యేది మన సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లోనే. ఎండలు మండే ఊళ్లో పుట్టిన బండి మంచు దేశానికీ వెళ్తోందన్నమాట.

నట్టింట్లో తిరిగే చంటిపాప ఎక్కడుందో తెలియాలని కాళ్లకు పట్టీలు పెడతాం. మంచు దారిలో ట్రాక్టర్‌కి వేసే పట్టీలూ అలాంటివే. పరుగెత్తడానికి కాదు, క్షేమంగా ఇంటికి చేరడానికి!