రిజిస్టరైన ఏజెన్సీలో గొడవొస్తే

హైదరాబాద్‌లో మోటారు పంపులు చేసే కంపెనీ ఒకటి ఆరేళ్ల ఒప్పందంతో దుబాయ్‌లో ఏజెంటును పెట్టుకుందనుకుందాం. నాలుగో ఏట అమ్మకాలు నచ్చలేదు. 'మీ ఏజెన్సీ రద్దు' అని ఒక ఈమెయిల్ కొట్టి, మరో వ్యాపారి పేరిట కంటైనరు పంపారు. అది రేవు దాటకపోవచ్చు.

మన 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా గడువుకు ముందే ఏజెంటును తీసేస్తే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఏజెన్సీలకు ప్రత్యేక రిజిస్టరంటూ లేదు. యుఏఈలో మాత్రం ఆర్థిక, పర్యాటక మంత్రిత్వ శాఖ రిజిస్టరులో ఒప్పందం ఎక్కిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఎక్కకపోతే ఏజెన్సీ చట్టం దాన్ని లెక్కలోకే తీసుకోదు. ఎక్కితే ఏజెంటు చేయి బాగా పొడుగు: తన ద్వారా కాక వచ్చిన సరుకును కస్టమ్స్‌లో ఆపించగలడు, తన ప్రాంతంలో వేరేవాళ్లు అమ్మినదానిమీదా కమిషన్ అడగగలడు. ఆ రిజిస్టరు ప్రధానంగా అక్కడి పౌరులకు, వాళ్ల కంపెనీలకే. దుబాయ్‌లో పంపిణీ వ్యాపారం చేసే మన తెలుగువాళ్లలో చాలామందికి మామూలు ఒప్పంద చట్టమే దిక్కు.

1981 నాటి చట్టం కింద గడువు తీరినా ఏజెంటును కదిలించడం గగనంగా ఉండేది. 2023 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ ముడిని కొంత వదులు చేసింది. గడువు తీరితే ఒప్పందాన్ని ముగించుకోవచ్చు, కానీ ముందుగా నోటీసు ఇవ్వాలి. పాతకాపులకు మాత్రం మినహాయింపు గట్టిదే: ఒకే ఏజెంటు దగ్గర పదేళ్లు దాటిన ఏజెన్సీలకూ, ఏజెంటు 10 కోట్ల దిర్హాములకు మించి పెట్టుబడి పెట్టినవాటికీ ఈ వెసులుబాటు కొత్త చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్ల తర్వాతే. నా దృష్టిలో ఇది పెద్ద వ్యాపార కుటుంబాలకు ఇచ్చిన మర్యాద.

గొడవొస్తే నేరుగా కోర్టు మెట్లెక్కడం కుదరదు. మంత్రిత్వ శాఖలోని వాణిజ్య ఏజెన్సీల కమిటీకి ముందు అర్జీ పెట్టాలి. కమిటీకి 120 రోజుల గడువుంది. దాని నిర్ణయం నచ్చనివాళ్లు 60 రోజుల్లో కోర్టుకెళ్లాలి, లేదంటే అదే ఖాయం. మధ్యవర్తిత్వానికి ఇప్పుడు చట్టం ఒప్పుకుంటుంది, ఆ షరతు ఒప్పందంలో రాసుకుని ఉంటే.

పంపుల కంపెనీ చేయాల్సిన పని అందుకే ఈమెయిల్ దగ్గర ఆగదు. ఒప్పందంలోని రద్దు షరతు ప్రకారం నోటీసివ్వాలి, మిగిలిన స్టాకు సంగతి తేల్చాలి, రిజిస్టరులో పాత పేరు కొట్టేయించాలి. కొత్త వ్యాపారి పేరిట కంటైనరు ఆ తర్వాతే.