బూట్ సమయంలో పరికరాల గుర్తింపు: లినక్స్ కెర్నెల్ అడిగి తెలుసుకునేవి, విని నమ్మేవి

ఉపోద్ఘాతం

కంప్యూటర్ మీట నొక్కిన కొద్ది క్షణాలకు తెర వెలుగుతుంది, కీబోర్డు స్పందిస్తుంది, డిస్కులోని ఫైళ్లు అందుబాటులోకి వస్తాయి. ఈ వ్యవధిలో జరిగేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో సాధారణంగా ఒక్క వాక్యంతో ముగిస్తాం: కెర్నెల్ పరికరాలను గుర్తించి వాటికి తగిన డ్రైవర్లను జోడిస్తుంది. ఈ వాక్యం తప్పు కాదు. అయితే ‘గుర్తించి’ అన్న మాట వెనుక స్వభావరీత్యా భిన్నమైన రెండు పనులు ఉన్నాయి. కొన్ని పరికరాలను కెర్నెల్ స్వయంగా అడిగి తెలుసుకుంటుంది. మరికొన్నింటిని అడగడానికి మార్గమే లేదు. అవి ఎక్కడ ఉన్నాయో ఇంకొకరు చెప్పాలి, కెర్నెల్ నమ్మాలి. తర్కశాస్త్ర పరిభాషలో మొదటిది ప్రత్యక్షానికి, రెండవది ఆప్తవాక్యానికి దగ్గరగా ఉంటుంది. లినక్స్ కెర్నెల్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ భేదాన్ని వివరించడం, ఒక పరికరం ఎంతకాలం ఉపయోగపడుతుందన్నది కొంతవరకు ఈ భేదం మీదే ఆధారపడుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కెర్నెల్‌కు తెలియవలసినది ఏమిటి?

ప్రాసెసర్ దృష్టిలో పరికరం అంటే కొన్ని చిరునామాలు మాత్రమే. ఒక చిరునామాలో విలువ రాస్తే నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్ పంపుతుంది. మరో చిరునామాను చదివితే దాని స్థితి తెలుస్తుంది. పని పూర్తయినప్పుడు పరికరం ఇంటరప్ట్ ద్వారా ప్రాసెసర్‌ను పిలుస్తుంది. అందువల్ల ఏ పరికరం విషయంలోనైనా కెర్నెల్‌కు కనీసం మూడు సంగతులు తెలియాలి: అది ఏ రకానికి చెందినది, దాని రిజిస్టర్లు ఏ చిరునామాలో ఉన్నాయి, అది ఏ ఇంటరప్ట్‌ను వాడుతుంది.

కెర్నెల్ చేతికి నియంత్రణ వచ్చే సమయానికి ఈ సమాచారం దాని వద్ద దాదాపు ఉండదు. ఏ చిరునామాల్లో వాడుకోదగిన మెమరీ ఉందో తెలిపే పటాన్ని, మరికొన్ని పట్టికల ఆచూకీని ఫర్మ్‌వేర్ లేదా బూట్ లోడర్ అందిస్తుంది. మిగిలినదంతా అక్కడి నుంచి నిర్మించుకోవాలి. చిరునామాలన్నింటినీ వరుసగా తడిమి చూడడం కుదరదు. పరికరపు రిజిస్టర్‌ను కేవలం చదవడం వల్ల కూడా దాని స్థితి మారవచ్చు. ఏమీ లేని చిరునామాను తాకితే కొన్ని యంత్రాలు అక్కడే నిలిచిపోతాయి.

ఊహించి వెతికిన కాలం

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ నుంచి కొనసాగిన ఐఎస్ఏ బస్సులో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. తొలినాటి ఐఎస్ఏ కార్డుకు తన పేరు చెప్పుకునే ఏర్పాటు లేదు. దాని పోర్టు చిరునామానూ, ఇంటరప్ట్ సంఖ్యనూ కార్డు మీది జంపర్లతో వినియోగదారుడే నిర్ణయించేవాడు. రెండు కార్డులకు ఒకే సంఖ్య ఇస్తే రెండూ సరిగా పనిచేసేవి కావు.

ఈ స్థితిలో డ్రైవర్ ఊహ మీద ఆధారపడేది. ఆ రకం కార్డులు సాధారణంగా ఉండే చిరునామాల జాబితాను దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క చోట ఒక విలువ రాసి, వచ్చిన స్పందన తనకు తెలిసిన కార్డు స్పందనను పోలి ఉందో లేదో చూసేది. పొగను చూసి నిప్పును ఊహించడం అనుమాన ప్రమాణం. ఇక్కడ మాత్రం పొగ వస్తుందో లేదో చూడడానికి ముందుగా ఏదో ఒకటి అంటించవలసి వచ్చేది. ఆ చిరునామాలో మరో కార్డు ఉంటే ఆ రాత దాని పనిని చెడగొట్టేది, ఒక్కోసారి యంత్రమే ఆగిపోయేది. ఫలానా పోర్టుల జోలికి పోవద్దని కెర్నెల్‌కు ముందే చెప్పే బూట్ ఐచ్ఛికం లినక్స్‌లో ఉండడానికి కారణం ఇదే.

అడిగితే చెప్పే పరికరాలు

1992లో ఇంటెల్ ప్రవేశపెట్టిన పీసీఐ ఈ పరిస్థితిని మార్చింది. ఇందులో ప్రతి పరికరానికీ, సరిగా చెప్పాలంటే పరికరంలోని ప్రతి ఫంక్షన్‌కూ, 256 బైట్ల కాన్ఫిగరేషన్ స్థలం ఉంటుంది. బస్సు సంఖ్య, పరికరం సంఖ్య, ఫంక్షన్ సంఖ్య కలిస్తే దాని చిరునామా. మొత్తం 256 బస్సులు, బస్సుకు 32 పరికరాలు, పరికరానికి 8 ఫంక్షన్ల వరకు ఉండవచ్చు. ఆ స్థలంలోని మొదటి 16 బిట్లు తయారీదారు సంఖ్య, తరువాతి 16 బిట్లు పరికరం సంఖ్య. ఇంటెల్ సంఖ్యను పదహారు ఆధారంగా రాస్తే 8086 అవుతుంది. ఇది ఆ సంస్థ ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే.

అడిగిన చోట పరికరం లేకపోతే అన్ని బిట్లూ ఒకట్లుగా ఉన్న విలువ వస్తుంది. ఆ సంఖ్యను ఏ తయారీదారుకూ కేటాయించలేదు. అంటే లేకపోవడం కూడా ఇక్కడ స్పష్టమైన జవాబే. ప్రశ్న వల్ల ఎవరికీ హాని లేదు. ఐఎస్ఏతో పోలిస్తే ఇదే మౌలికమైన మార్పు.

గణన క్రమం సరళమైనది. కెర్నెల్ మూల బస్సు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క స్థానాన్ని అడుగుతుంది. జవాబిచ్చినది వంతెన అయితే దాని అవతలి బస్సులోకి దిగి, అక్కడి శాఖ పూర్తయ్యాక వెనక్కి వస్తుంది. విద్యార్థులు డేటా స్ట్రక్చర్స్‌లో చదివే లోతు ప్రధాన అన్వేషణ ఇదే. పరికరానికి ఎంత చిరునామా స్థలం కావాలో కూడా పరికరమే చెబుతుంది. దాని బేస్ అడ్రస్ రిజిస్టర్‌లో అన్నీ ఒకట్లు రాసి తిరిగి చదివినప్పుడు, రకాన్ని తెలిపే అడుగు బిట్లను పక్కన పెడితే, సున్నాలుగానే మిగిలిన బిట్ల సంఖ్య పరిమాణాన్ని తెలుపుతుంది. 12 బిట్లు సున్నాలుగా మిగిలితే కావలసినది 4096 బైట్లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కాన్ఫిగరేషన్ స్థలాన్ని 4096 బైట్లకు పెంచినా ఈ పద్ధతిని మార్చలేదు.

యూఎస్‌బీలోనూ ఇదే సూత్రం. కొత్తగా చేరిన పరికరాన్ని రీసెట్ చేస్తే అది సున్నా చిరునామాలో జవాబిస్తుంది. 1 నుంచి 127 లోపు ఒక సొంత చిరునామా పొందుతుంది. 18 బైట్ల వివరణలో తన తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను తెలుపుతుంది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. యూఎస్‌బీ పరికరాలను యూఎస్‌బీ కంట్రోలర్ ద్వారా అడుగుతాం. పర్సనల్ కంప్యూటర్లలో ఆ కంట్రోలర్ సాధారణంగా పీసీఐ పరికరమే కాబట్టి దాన్ని పీసీఐ ద్వారా కనుగొంటాం. మరి పీసీఐ మూల వంతెన ఎక్కడ ఉందో ఎవరిని అడగాలి? ఆ జవాబు పీసీఐ నుంచి రాదు. అడిగి తెలుసుకునే ప్రతి గొలుసులోనూ మొదటి లంకె ఎవరో చెప్పగా తెలిసినదే.

ఫర్మ్‌వేర్ వాక్కు: ఏసీపీఐ

పర్సనల్ కంప్యూటర్లలో ఆ చెప్పేది ఫర్మ్‌వేర్. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణం ప్రకారం ఫర్మ్‌వేర్ మెమరీలో కొన్ని పట్టికలను ఉంచుతుంది. ఒక మూల సూచిక మిగిలిన పట్టికల జాబితాకు దారి చూపుతుంది. ఒక పట్టిక ప్రాసెసర్లను, ఇంటరప్ట్ కంట్రోలర్లను వివరిస్తుంది. మరొకటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కాన్ఫిగరేషన్ ప్రాంతం మొదలయ్యే చిరునామాను ఇస్తుంది. డీఎస్‌డీటీ అనే పట్టిక వీటికి భిన్నం; అందులో దత్తాంశంతో పాటు చిన్న ప్రోగ్రాములు కూడా ఉంటాయి. వాటిని నడపడానికి కెర్నెల్ తనలో ఒక ఇంటర్‌ప్రెటర్‌ను ఉంచుకుంటుంది.

ల్యాప్‌టాప్‌లోని బ్యాటరీ, మూత స్విచ్, ఐ2సీ తీగల మీది టచ్‌ప్యాడ్ ఈ మార్గంలోనే కెర్నెల్‌కు తెలుస్తాయి. ఐ2సీలో పరికరాన్ని ‘నీవెవరు’ అని అడిగే సర్వసమ్మతమైన పద్ధతి లేదు. కాబట్టి పట్టిక తప్పు చెబితే కెర్నెల్ కూడా తప్పే నమ్ముతుంది. ఫలానా మోడల్‌లో ఫలానా వివరాన్ని ఇలా సరిదిద్దుకోవాలని చెప్పే జాబితాలు లినక్స్ మూలరచనలో ఉండడానికి కారణం ఇదే. చెప్పేవాడు ఆప్తుడు కానప్పుడు శబ్దప్రమాణానికి పట్టే గతి ఇది.

బోర్డు ఫైళ్ల నుంచి డివైస్ ట్రీకి

ఫోన్లలో, చిన్న బోర్డుల్లో వాడే ఏఆర్ఎం చిప్పుల్లో సమస్య మరింత తీవ్రం. సీరియల్ పోర్టు, ఐ2సీ, గడియారాలు, విద్యుత్ నియంత్రణ వంటివన్నీ ఒకే చిప్పులో స్థిరమైన చిరునామాల్లో ఉంటాయి. వాటిలో ఏదీ తన పేరు చెప్పదు. అందువల్ల లినక్స్‌లో ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క సీ ఫైలు రాసి, చిరునామాలను, ఇంటరప్ట్ సంఖ్యలను అందులోనే నింపేవారు. కొత్త బోర్డు వచ్చినప్పుడల్లా కెర్నెల్‌లో కొత్త రచన చేరేది. ఈ అదుపు తప్పిన పెరుగుదల మీద 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే అసహనం ప్రకటించాడు.

పరిష్కారం పాతదే. సన్ యంత్రాలు, ఆపిల్ పవర్‌పీసీ యంత్రాలు వాడిన ఓపెన్ ఫర్మ్‌వేర్ 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా వెలువడింది. హార్డ్‌వేర్‌ను ఒక వృక్షంగా వర్ణించే పద్ధతి అందులో ఉంది. పవర్‌పీసీ లినక్స్ అప్పటికే అనుసరిస్తున్న ఆ పద్ధతిని ఏఆర్ఎం కూడా స్వీకరించింది. డివైస్ ట్రీ అనే ఈ వర్ణనను ప్రత్యేక ఫైలుగా రాసి, సంక్షిప్త రూపంలోకి మార్చి, బూట్ లోడర్ ద్వారా కెర్నెల్‌కు అందిస్తారు. ప్రతి కణుపులోనూ పరికరం రకం తెలిపే పేరు, దాని చిరునామా, ఇంటరప్ట్ వంటి వివరాలు ఉంటాయి. హార్డ్‌వేర్ గురించిన జ్ఞానం ప్రోగ్రాము నుంచి దత్తాంశంలోకి మారింది. ఫలితంగా ఒకే కెర్నెల్ ఎన్నో బోర్డుల మీద నడవగలిగింది. మద్రాసు ఐఐటీ రూపొందించిన శక్తి ప్రాసెసర్లకు ఆధారమైన రిస్క్-ఫైవ్ నిర్మాణంలోనూ లినక్స్ డివైస్ ట్రీనే వాడుతుంది.

పేరు నుంచి డ్రైవర్ వరకు

సమాచారం ఏ మార్గంలో వచ్చినా కెర్నెల్ దాన్ని ఒకే అచ్చులో పోస్తుంది. ప్రతి పరికరం ఏదో ఒక బస్సుకు చెందినదిగా నమోదవుతుంది. అడగడానికి వీలులేనివాటికోసం ‘ప్లాట్‌ఫామ్’ అనే కల్పిత బస్సు ఉంది. ప్రతి డ్రైవర్ తాను నడపగల పరికరాల పట్టికను వెంట తెచ్చుకుంటుంది. రెండు వైపులా పేర్లు కలిసినప్పుడు డ్రైవర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌ను కెర్నెల్ పిలుస్తుంది. డ్రైవర్ ఇంకా మెమరీలో లేకపోతే పరికరం వచ్చిన సంగతిని వినియోగదారు స్థలానికి తెలుపుతుంది. అక్కడి యూడెవ్ ఆ పేరుకు సరిపడే మాడ్యూల్‌ను తెప్పిస్తుంది.

ఆధారపడే క్రమం మరో చిక్కు. తెర పనిచేయాలంటే ముందు దానికి విద్యుత్తునిచ్చే రెగ్యులేటర్ సిద్ధం కావాలి. అది సిద్ధం కాకపోతే తెర డ్రైవర్ తన ప్రోబ్‌ను వాయిదా వేయమని కోరవచ్చు. కెర్నెల్ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ సౌకర్యం 2012లో 3.4 వెర్షన్‌తో లినక్స్‌లో చేరింది.

ఎవరి మాట, ఎంతకాలం

పదేళ్ల నాటి డెస్క్‌టాప్ మీద నేటి లినక్స్ కెర్నెల్ సాధారణంగా నడుస్తుంది. ఆ మోడల్ కోసం ప్రత్యేకంగా ఎవరూ ఏమీ రాయనక్కరలేదు. అందులోని పరికరాలు తమ పేర్లు తామే చెబుతాయి, మిగిలినవాటిని దాని ఫర్మ్‌వేర్ చెబుతుంది. అదే వయసున్న ఫోన్ విషయంలో తరచుగా ఇలా జరగదు. చిప్పు చెడిపోదు, తెర పగలదు. కానీ ఆ ఫోన్ వర్ణన తయారీదారు మార్చుకున్న ఒక పాత కెర్నెల్‌కే పరిమితమై ఉంటుంది. డ్రైవర్లు బయటికి రాకపోవడం, బూట్ లోడర్‌కు తాళం వేయడం కూడా కారణాలే. అయినా వర్ణన అందరికీ అందకపోతే మిగిలిన అడ్డంకులు తొలగినా కొత్త కెర్నెల్‌కు ఆ యంత్రం తెలియదు.

ప్రయోగశాలలో దీన్ని సులభంగా చూపవచ్చు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు ఒక ఐ2సీ సెన్సర్‌ను సరిగానే కలిపినా, డివైస్ ట్రీలో ఆ ఐ2సీ బస్సు నిలిపివేసి ఉంటే కెర్నెల్ దృష్టిలో ఆ సెన్సర్ లేదు. తీగలు మార్చకుండా వర్ణనలో ఒక్క మాట మారిస్తే బస్సు ప్రత్యక్షమవుతుంది. ‘ఉండడం’, ‘తెలియడం’ ఒకటి కావని విద్యార్థికి ఇంతకంటే బాగా బోధపరచడం కష్టం.

ముగింపు

కెర్నెల్ పరికరాలను కనుగొంటుందన్న మాట సగమే సత్యం. పీసీఐ, యూఎస్‌బీ వంటివి అడిగితే చెబుతాయి. కానీ ఆ అడగడం మొదలయ్యే చోటు కూడా ఏసీపీఐ పట్టికలోనో, డివైస్ ట్రీలోనో ఎవరో ముందుగా రాసిపెట్టినదే. కాబట్టి హార్డ్‌వేర్ వర్ణన ఉప సమాచారం కాదు. యంత్రంలో అది ఒక భాగం. మన కళాశాలల్లో వాడే బోర్డుల వర్ణనలను చదవడం, సరిదిద్దడం, వాటిని ప్రధాన కెర్నెల్‌కు చేర్చడం పరిశోధక విద్యార్థులకు తగిన పని. పాఠంలోని ఆ ఒక్క వాక్యాన్ని విడదీసి చెబితే అందుకు దారి ఏర్పడుతుంది.